కంబైన్డ్ స్టడీతో నిజంగా చదువొస్తుందా?

మీరు కాలేజీలో చేసిన ఆఖరి గ్రూప్ ప్రాజెక్టును ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మొదటి పేజీలో నాలుగు పేర్లు. రిపోర్టు రాసింది ఒకరు, పీపీటీ చేసింది ఇంకొకరు. మూడో మనిషి స్పైరల్ బైండింగ్‌కి వెళ్లొచ్చాడు. నాలుగో మనిషికి ప్రాజెక్టు టైటిల్ ఏంటో వైవా రోజున తెలిసింది. మార్కులు మాత్రం నలుగురికీ ఒకటే.

ఇలా కలిసి చేసే పనినే బడిలో పాఠం నేర్పడానికి వాడుకోవాలని విద్యాశాస్త్రం పుస్తకాలు ఎప్పట్నుంచో చెబుతున్నాయి. బీఈడీ, డీఈడీ చదివినవాళ్లకు ఈ పేరు తెలుసు: సహకార అభ్యసనం. వింటే ఎరువులిచ్చే సహకార సంఘం గుర్తొస్తుంది గానీ విషయం చిన్నదే. పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి, ఒకరికొకరు సాయం చేసుకుంటూ నేర్చుకునేలా చేయడం. 2020 జాతీయ విద్యా విధానం కూడా పిల్లలే పిల్లలకు నేర్పడాన్ని మెచ్చుకుంది.

ఈ మధ్య మా మండలంలో స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వచ్చి దీనిమీద మాట్లాడమన్నారు. సరేనన్నాను. ఆ మర్నాడే ఒక లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. ఆయన అడిగినవి రెండే. ఒకటి, దీనివల్ల మార్కులు వస్తాయా? రెండు, బాగా చదివే పిల్లలకు నష్టం కదా? రెండోది ఆయన సొంత అనుమానం కాదట. మా అమ్మాయి తన చదువు తాను చదువుకోవడానికి వస్తోందా, పక్కవాళ్లకు చెప్పడానికి వస్తోందా అని ఒక తండ్రి బడికొచ్చి గొడవ పెట్టుకున్నాడు. హెచ్‌ఎం భయపడి గ్రూపులు ఆపేయించారు. ఆ తండ్రికి ఏం జవాబు చెప్పాలో తెలిస్తే చాలన్నారు మాస్టారు.

అలా రెండు నెలలపాటు రాత్రుళ్లు కూర్చుని పాత కొత్త పరిశోధనలు తిరగేశాను. దొరికింది మీతోనూ పంచుకుందామని ఇది రాస్తున్నాను. బడి దాటినవాళ్లకూ పనికొస్తుంది. హాస్టల్ గదిలో కంబైన్డ్ స్టడీ చేసేవాళ్లకు మరీ.

50వ ర్యాంకు ఎక్కడికి జరిగింది?

ముందు మార్కుల సంగతి చూద్దాం. ఈ విషయంలో తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన పేరు రాబర్ట్ స్లావిన్. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జీవితమంతా ఇదే పనిమీద ఉన్నాడు. 2021లో చనిపోయాడు. మామూలు బళ్లలో కనీసం 4 వారాలు నడిచిన ప్రయోగాలను మాత్రమే ఏరి, 1995లో ఆయన లెక్క తేల్చాడు. రెండు రోజులు గ్రూపుల్లో కూర్చోబెట్టి అద్భుతం జరిగిందని రాసిన వాటిని పక్కన పెట్టేశాడన్నమాట.

ఆ లెక్కలో నన్ను ఆపేసింది ఒక తేడా. గ్రూపులో ప్రతి ఒక్కరూ విడివిడిగా ఎంత నేర్చుకున్నారో చూసి, ఆ మొత్తాన్ని బట్టి గ్రూపుకు మెప్పు ఇచ్చిన ప్రయోగాలు 64. వాటిలో 50 ప్రయోగాల్లో స్పష్టమైన లాభం కనబడింది. ఒక్కదానిలోనూ నష్టం లేదు. అదే, అందరూ కలిసి ఒక చార్టో ఒక వర్క్‌షీటో చేసి ఇచ్చేయండి అన్న రకం ప్రయోగాల్లో లాభం దాదాపు లేనట్టే.

ఆయన ఇచ్చిన అంకెల్ని మన భాషలో, అంటే ర్యాంకుల భాషలో చెప్పుకుందాం. 100 మంది పిల్లల్లో సరిగ్గా మధ్యలో, 50వ ర్యాంకులో ఉన్న పిల్లవాడిని తీసుకోండి. మొదటి రకం గ్రూపులో చదివితే అతను మామూలు క్లాసులోని ఆ 100 మంది మధ్య సుమారు 37, 38వ ర్యాంకు దగ్గరికి చేరతాడు. రెండో రకంలో చదివితే 47. అంతే. రెండింటి పేరూ గ్రూప్ యాక్టివిటీనే. ఫొటో తీస్తే రెండు క్లాసులూ ఒకేలా కనిపిస్తాయి కూడా. గుండ్రంగా కూర్చున్న పిల్లలు, మధ్యలో స్కెచ్ పెన్నులు, వెనక నవ్వుతూ టీచరు.

మీ ప్రాజెక్టు ఏ రకమో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

తాడు లాగితే తెలిసిన సంగతి

నాలుగో మనిషి ఎందుకు అలా తయారవుతాడు? అతను చెడ్డవాడనా? కాదు. ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అని ఒక వ్యవసాయ ఇంజినీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. 8 మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా, తాను ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం కొంత కారణం కావచ్చు. అందుకే 1979లో బిబ్ లాటనే బృందం ఇంకో ఉపాయం చేసింది. మనుషుల చేత అరిపించారు, చప్పట్లు కొట్టించారు. పక్కన ఇంకొందరు కూడా అరుస్తున్నారని నమ్మించి, నిజానికి ఒక్కరి చేతే అరిపించినప్పుడు కూడా గొంతు తగ్గింది! కొలిచేది నన్ను కాదు, గుంపును అని తెలియగానే మనిషి తెలియకుండానే తగ్గుతాడు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు కదా.

కాబట్టి మందు కూడా అక్కడే ఉంది. ఎవరి పని ఎంతో విడిగా కనబడాలి. కానీ విడిగా కనబడితే మళ్లీ ఎవరికి వారే అయిపోతారు, ఇక గ్రూపెందుకు? ఈ ముడిని స్లావిన్ విప్పిన తీరు నాకు భలే నచ్చింది.

నలుగురితో ఒక జట్టు. బాగా చదివేవారు ఒకరు, మధ్యరకం ఇద్దరు, వెనకబడినవారు ఒకరు. టీచరు పాఠం చెబుతారు. తర్వాత జట్టు కూర్చుని సాధన చేస్తుంది. ఆ తర్వాత పరీక్ష. పరీక్షలో మాత్రం ఎవరి పేపరు వాళ్లదే, పక్కకు చూడటానికి లేదు. ఇప్పుడు అసలు కిటుకు. జట్టుకు వచ్చే పాయింట్లు ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయన్నదాన్ని బట్టి ఉండవు. ఎవరు తన పాత సగటు కన్నా ఎంత పైకొచ్చారన్నదాన్ని బట్టి ఉంటాయి. ఎప్పుడూ 35 తెచ్చుకునే పిల్లవాడు 50 తెస్తే, 85 నుంచి 88కి వెళ్లిన పిల్ల కన్నా జట్టుకు ఎక్కువ పాయింట్లు తెస్తాడు.

దీంతో ఏం జరుగుతుందో ఊహించండి. నిన్నటిదాకా జట్టుకు బరువు అనిపించిన పిల్లవాడే ఇప్పుడు జట్టుకు ఆశ. వాడికి భిన్నాల కూడిక వచ్చేదాకా మిగతా ముగ్గురికీ నిద్రపట్టదు. జవాబు రాసి చేతిలో పెడితే లాభం లేదు, ఎందుకంటే పరీక్షలో పక్కన ఎవరూ ఉండరు. వాడికి నిజంగా రావాలి.

సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీలో కూర్చున్న ఒక మేడమ్, మరి పాత సగటు లెక్కలు ఎవరు రాస్తారండీ అని నవ్వారు. న్యాయమైన ప్రశ్న. ఇప్పటికే యాప్‌ల్లో ఫొటోలు ఎక్కించి అలిసిపోయినవాళ్లకు ఇంకో రిజిస్టరు అంటే విసుగే. అయినా ఈ రిజిస్టరు లేకపోతే మిగతాదంతా ఫొటో కోసమే అవుతుందని నా అభిప్రాయం.

చెప్పినవాడికా, విన్నవాడికా?

ఇక ఆ తండ్రి ప్రశ్న. కాలిఫోర్నియా యూనివర్సిటీ, లాస్ ఏంజెలిస్‌లో నోరీన్ వెబ్ అనే పరిశోధకురాలు పిల్లల గ్రూపుల్లో జరిగే మాటల్ని టేపుల్లో పట్టుకుని ఒక్కో వాక్యం లెక్కపెట్టింది. ఎవరు ఎవర్ని ఏమడిగారు, ఎదుటివాళ్లు ఏమన్నారు, చివరికి ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయి... అన్నీ. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి 1989లో ఒక సమీక్ష కూడా రాసింది.

అందరికన్నా ఖాయంగా లాభపడింది వివరంగా చెప్పిన పిల్లలు. ఎందుకు అలా చేయాలో, ఆ మెట్టు తర్వాత ఈ మెట్టు ఎందుకు వచ్చిందో విడమర్చి చెప్పినవాళ్లు. అంటే ఆ అమ్మాయికి నష్టం కాదు, ఆ బెంచీ మీద ఎక్కువ లాభం ఆమెదే. చెప్పబోతుంటే మనకే ఎక్కడ తెలియదో తెలుస్తుంది. తమ్ముడికి లెక్క చెప్పబోయి మధ్యలో ఆగిపోయిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే.

మరి విన్నవాళ్లకు? ఇక్కడే నేను రెండుసార్లు చదవాల్సి వచ్చింది. వివరణ అడిగితే వివరణ దొరికి, దాన్ని వెంటనే తాను ఒక లెక్క మీద ప్రయోగించి చూసుకున్నవాళ్లకు లాభం. వివరణ అడిగితే ఉత్త జవాబు మాత్రమే దొరికినవాళ్లకు లాభం లేదు, చాలాచోట్ల అలాంటివాళ్లే వెనకబడి కనిపించారు. ‘అర్థం కాలేదు రా’ అన్నవాడికి ‘ఆన్సర్ 42, రాసేస్కో’ అనడం సాయం కాదన్నమాట. పరీక్షల ముందు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో మనం చేసే సాయం ఎక్కువగా ఈ రకమే. ఆన్సర్ ఫొటో పంపినవాడు దేవుడు, ఎందుకలా వచ్చిందని అడిగినవాడు చాదస్తుడు.

ఇదంతా అమెరికావాళ్లు కనిపెట్టిందేం కాదు, ఆ మాటకొస్తే. ఏ.డి. క్యాంప్‌బెల్ పేరు తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన ఆంగ్లేయుడిగా కొందరు వినే ఉంటారు. ఆయన బళ్లారి కలెక్టరు. 1823లో తన జిల్లాలోని వీధిబడుల మీద ఒక నివేదిక పంపాడు. అక్కడ తెలుగు, కన్నడ, మరాఠీ బడులుండేవి. పై పిల్లలు కింది పిల్లలకు నేర్పే పద్ధతిని అందులో మనసారా మెచ్చుకున్నాడు. అలా నేర్పడంలో చెప్పే పిల్లల చదువు కూడా గట్టిపడుతుందన్నాడు. వెబ్ టేపులు విని తేల్చిన సంగతిని అంతకు 160 ఏళ్ల ముందే బళ్లారి అరుగుల మీద చూసి రాశాడు ఈయన. ఇంగ్లండ్ ఈ పద్ధతిని ఇక్కడి నుంచే తీసుకుందని కూడా ఆయనకు తెలుసు. ఎందుకంటే మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, మన బడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పిల్లల చేతే పిల్లలకు చదువు చెప్పించాడు. 1797లో దానిమీద పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో అది ఇంగ్లండంతా పాకింది.

అయితే అక్కడ దాన్ని వాడుకున్నది ఎక్కువగా ఖర్చు తగ్గించుకోవడానికి. వందలమంది పిల్లలకు ఒక్క మాస్టారు, మిగతా పని పెద్ద పిల్లల చేత. ఇప్పటికీ ఆ ప్రమాదం ఉంది. ఏకోపాధ్యాయ బడిలో టీచరు మీటింగుకు వెళ్తే క్లాస్ లీడర్ బెత్తం పట్టుకుని ఎక్కాలు చెప్పించడాన్ని సహకార అభ్యసనం అనుకుంటే, ఆ తండ్రి గొడవ పెట్టుకోవడంలో తప్పేం లేదు.

మంచిగా చేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెబడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉంటారు. గోడమీద నిచ్చెనలా ఒక పటం. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకుని ఆ కార్డు తీసుకుంటారు. కొన్ని కార్డులకు టీచరు పక్కన కూర్చోవాలి, కొన్నింటికి తోటి పిల్లలు సాయం చేయాలి, కొన్ని ఒంటరిగా చేసుకోవాలి. ఎప్పుడు ఎవరి సాయమో ముందే రాసిపెట్టి ఉంది చూశారా, అది అసలు పని. కర్ణాటక ‘నలి-కలి’కీ, తమిళనాడు బడుల్లో వచ్చిన మార్పుకీ మూలం ఇదే.

నోరు మెదపని పిల్లవాడు

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని కొత్తగా ఒకే బడిలో కలిపారు. బళ్లలో కొట్లాటలు. ఏం చేయాలో చెప్పమని ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టును పిలిచారు. ఆయన క్లాసులో కూర్చుని చూస్తే, టీచరు ప్రశ్న వేయగానే కొన్ని చేతులు లేస్తున్నాయి, మిగతావాళ్లు టీచరు కంట పడకుండా తల దించుకుంటున్నారు. ఒకడు తప్పు చెబితే పక్కవాడికి సంబరం. మనకు కొత్త కాదులెండి.

ఆరన్సన్ పాఠాన్ని ముక్కలు చేశాడు. ఆరుగురి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో పేరా. ఎలియనార్ రూజ్‌వెల్ట్ జీవితం గురించైతే ఆమె బాల్యం ఒకరి దగ్గర, పెళ్లి తర్వాతి సంగతులు ఇంకొకరి దగ్గర. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. కాబట్టి నీ దగ్గరున్న ముక్క నాకు కావాలంటే నేను నీ మాట వినాల్సిందే. దీనికి ‘జిగ్సా’ అని పేరు పెట్టాడు.

ఆయన కార్లోస్ అని పిలిచిన ఒక పిల్లవాడి కథ ఉంది. ఇంగ్లీష్ సరిగ్గా రాదు. క్లాసులో నవ్వుతారని నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. పాపం ఇబ్బంది పెట్టకూడదని టీచరూ అతన్ని అడగడం మానేసింది. అంటే దయతోనే ఆ పిల్లవాణ్ని క్లాసులోంచి తీసేసినట్టు అయింది. జిగ్సా మొదలయ్యాక అతను మాట్లాడక తప్పలేదు. తడబడ్డాడు, మిగతావాళ్లు వెక్కిరించారు. అప్పుడు అక్కడున్న సహాయకురాలు తిట్టలేదు, నీతులు చెప్పలేదు. వెక్కిరిస్తే అతని పేరా మీకు రాదు, పరీక్ష దగ్గరికొస్తోంది అని మాత్రం గుర్తుచేసింది. కొన్ని రోజులకు పిల్లలు అతన్ని సరైన ప్రశ్నలు వేసి మాట్లాడించడం నేర్చుకున్నారు. ఆ తర్వాత అతను తెలివైనవాడేనని వాళ్లకే తెలిసింది.

ఇంట్లో కోయ, లంబాడీ మాట్లాడి, బడిలో ఇంగ్లీష్ మీడియం పాఠం వినే పిల్లలున్న క్లాసులో నిలబడిన టీచర్లకు కార్లోస్ ఎవరో నేను చెప్పక్కర్లేదు.

అంతా బాగానే ఉంది కానీ, 2022లో ఫ్రెంచ్ పరిశోధకులు ఆరో తరగతి పిల్లలతో జిగ్సా మీద 5 ప్రయోగాలు చేస్తే మార్కుల్లో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. జిగ్సాలో ఒక బలహీనత మొదట్నుంచీ ఉంది. నీ ముక్క నువ్వు సరిగ్గా చెప్పకపోతే మునిగేది నేను. ఆస్టిన్ ఫలితాల్లో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది మార్కుల భాగం కాదు, పిల్లలు ఒకరినొకరు ఇష్టపడటం పెరిగిందన్న భాగం.

దానికి మన దేశంలోనే సాక్ష్యాలున్నాయి. ఢిల్లీ ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు సీట్లు ఇవ్వాలన్న నిబంధన వచ్చాక ఏం జరిగిందో ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించాడు. 2019లో అచ్చయింది. కొన్ని బళ్లలో స్టడీ గ్రూపుల్ని పేర్ల అక్షరక్రమంలో వేస్తారు. అంటే ధనిక పిల్లవాడి పక్కన పేద పిల్లవాడు పడటం కేవలం పేరును బట్టి జరిగిన లాటరీ. పరిశోధకుడికి ఇంతకన్నా వరం ఏముంటుంది! పేద పిల్లలతో కలిసి చదివిన ధనిక పిల్లలు ఎక్కువ ఉదారంగా ఉన్నారు. రిలే పరుగుకు జోడీని ఎంచుకోమంటే, వేగంగా పరిగెత్తే పేద పిల్లవాణ్ని పేదవాడని వదిలేయడం తగ్గింది. వాళ్ల ఇంగ్లీష్ మార్కులు కాస్త తగ్గాయి. లెక్కలు, హిందీ మార్కులు తగ్గలేదు. ఆ కాస్త కూడా ఆయన దాచకుండా రాశాడు, నేనూ దాచడం లేదు.

ఇంకొకటి బడిది కాదు, క్రికెట్‌ది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మాట్ లో అనే పరిశోధకుడు కుర్రాళ్లకు లీగులు పెట్టాడు. కొన్ని టీముల్లో కులాలు కలిపాడు, కొన్నిట్లో ఒకే కులం. వేరే కులంవాడు మన టీములో ఉంటే స్నేహం పెరిగింది. ఎదుటి టీములో ఉంటే ఆ లాభం రాలేదు. అందర్నీ ఒకే గ్రౌండులోకి తెచ్చినంత మాత్రాన సరిపోలేదన్నమాట. ర్యాంకుల గోడ ఎదురుగా ఒకే గదిలో కూర్చున్న మన ఇంటర్ సెక్షన్లు ఏ టీము లెక్కలోకి వస్తాయో మీరే చూసుకోండి.

చార్టు మీద పూలు ఎవరు వేశారు?

గ్రూపులోనూ పెద్దరికం ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ ఏళ్ల తరబడి చూసింది దీన్నే. తెలివైనవాడని పేరున్న పిల్లవాడు ఎక్కువ మాట్లాడతాడు, ఎక్కువ మాట్లాడినవాళ్లు ఎక్కువ నేర్చుకుంటారు, దాంతో పేరు ఇంకా పెరుగుతుంది. మనవైపు దీనికి ఇంకో రూపం ఉంది. అబ్బాయి లేచి ప్రెజెంటేషన్ ఇస్తాడు. అమ్మాయికి చేతిరాత బాగుందని చార్టు రాయించి అంచున పూలు వేయిస్తారు. ఆమె నోరు తెరిచే అవసరమే రాదు.

కోహెన్ దీనికి ఒక ఉపాయం చెప్పింది. చదవడం రాయడంతో మాత్రమే తేలిపోని పనులు ఇవ్వాలి. కొలవాలి, బొమ్మ గీయాలి, వాదించాలి, వస్తువు తయారుచేయాలి. వెనక ఉండే పిల్ల నిజంగా ఏదైనా బాగా చేసినప్పుడు టీచరు అది పట్టుకుని, ఏం బాగుందో అందరి ముందూ స్పష్టంగా చెప్పాలి. ఉత్త ‘వెరీ గుడ్’ పనికిరాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలాంటి పరిశోధనల్లో పద్ధతి కనిపెట్టినవాళ్లే పరీక్ష పేపరూ తయారుచేసినవి చాలా ఉన్నాయి. 2016లో ఆలన్ చుంగ్, ఇదే స్లావిన్ కలిసి లెక్కేస్తే, పరిశోధకులు తామే రాసుకున్న పేపర్లతో వచ్చిన లాభం బయటివాళ్ల పేపర్లతో వచ్చినదానికి సుమారు రెట్టింపు కనిపించింది. చిన్న ప్రయోగాల్లోనూ అంతే. తన జీవితకాలపు పని మీద కూడా నీడ పడే లెక్కను తానే వేసి అచ్చేయించాడే, అందుకే స్లావిన్ అంకెల్ని నేను మిగతావాటికన్నా ఎక్కువ నమ్ముతున్నాను.

లెక్కల మాస్టారు గ్రూపులు మళ్లీ మొదలుపెట్టాలనుకుంటున్నారు, ముందు ఏడో తరగతితో. 45 నిమిషాల పీరియడ్, కదలని బెంచీలు. ఒక బెంచీవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటే జట్టు తయారు. పీరియడ్‌లో ఆఖరి 15 నిమిషాలు మాత్రమే జట్టు పని, శనివారం ఎవరి పేపరు వాళ్లది. ఆ తండ్రిని కూడా ఒక శనివారం వచ్చి వెనక కూర్చోమని పిలుస్తారట.

హాస్టల్లో ఉన్నవాళ్లకు ఇంకా తేలిక. ఈసారి నలుగురూ కూర్చున్నప్పుడు యూనిట్‌ను నాలుగు ముక్కలు చేసుకోండి, కానీ ఎవరి ముక్క వాళ్లు చదివేసి వదిలేయొద్దు. గంట తర్వాత చీటీలు వేయండి. ఎవరి పేరొస్తే వాళ్లు తనది కాని ముక్కను పుస్తకం మూసి చెప్పాలి. మధ్యలో ఆగిపోతే ఆ ముక్క చదివినవాడు అందుకోవాలి, ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి. మొదటి రాత్రి కాస్త పరువు పోతుంది. ఫోన్లు మాత్రం పక్క గదిలో పెట్టేయండి.